చక్రము వెనుకనున్న నట్లు

దాచేపల్లి మీదుగా సాగు నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి వెంట, సున్నపురాతి లోడులతోను సిమెంటు బస్తాలతోను నడచు లారీల చక్రములను విప్పి బిగించుటయే జీవికగా గల పనివారి కొట్లయెదుట నిలిచి, వారి హస్తకౌశలమును చూచుట నాకు చిరకాలముగా నిష్టము. వారి పనులలో నా యాలోచన నధికముగా నాకర్షించినది, పాత కారుకు వేరొక కారు చక్రము నమర్చుటకై ఆ రెంటి నడుమ నిలుపబడు లోహపు బిళ్ల, దానినే అడాప్టరందురు.

1983లో వెలువడిన మారుతి 800కు చక్రమును పట్టియుంచు నాలుగు మరమేకులు, అనగా స్టడ్లు, 114.3 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయముపై నుండును. స్విఫ్టుకును ఐ20కిని స్టడ్లు నాలుగే యైనను ఆ వలయము 100 మిల్లీమీటర్లే. కంటికి స్వల్పమైన ఈ భేదముచేతనే, ఒకదాని స్టడ్లు రెండవదాని చక్రమున దూరవు. రంధ్రములను అరగదీసి దూర్చుట ప్రాణాపాయకరము. అందుచేత పాత వలయమందలి రంధ్రములద్వారా అడాప్టరును, చక్రము కూర్చుండు నడిమి భాగమైన హబ్బుకు బిగించి, క్రొత్త వలయమందు దానికే నాటిన స్టడ్లపై చక్రమును నిలుపుదురు. రెండు వలయముల వ్యాసార్ధములకు గల యెడము ఏడు మిల్లీమీటర్లకు కొంచెమే మించును గావున ఒక రంధ్రము ప్రక్కనే మరొకదానికి చోటు చాలదు; అందువలన లేత్ పనివాడు రెండవ వరుసను నలువదియైదు డిగ్రీలు త్రిప్పి, రెంటి నడుమ నొకటి వచ్చునట్లు వేయును. ఆ పొందిక నెన్నిమారులు చూచినను నాకు తనివి తీరదు.

బండి భారమును స్టడ్లే మోయుచున్నవని పెక్కుమంది తలంతురు. నిజమునకు, బిగించిన నట్టు స్టడ్డును రవంత సాగదీయగా, ఆ లాగుడు చక్రమును హబ్బు ముఖమునకు అదిమిపట్టును. అట్లు ఒత్తుకొన్న రెండు ముఖముల నడుమ పుట్టు ఘర్షణయే భారమును ముఖ్యముగా మోయునది. అడాప్టరు వేసినప్పుడు ఇట్టి సంధి ఒకటికి రెండగును. మన ప్రాంతమున నిది మరింత విచారింపదగిన విషయము. బట్టీలనుండి లేచు సున్నపుపొడి ఎల్లెడల వ్రాలును. వానకు తడిసినప్పుడు అది క్షారమై అల్యూమినియమును తినివేయును, ఆరినపిదప ముఖముల నడుమ పొరగట్టి నిలుచును. ఆ పొర నలిగిననాడు నట్ల బిగువు సడలును. కావున హబ్బు ముఖమును తీగెబ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, స్టడ్ల మరలకు నూనె పూయక, ఎదురెదురు నట్లను వరుసగా కొంచెము కొంచెముగా బిగించు పనివానిని చూచినప్పుడు నాకతనిపై గౌరవము కలుగును.

బిళ్ల మందముకూడ విచారింపవలసినదే. అది పలుచనైనచో హబ్బు స్టడ్ల కొనలు పైకి పొడుచుకొని వచ్చి చక్రమును సమముగ కూర్చుండనీయవు. మందమైనచో చక్రము బయటకు జరుగును. ఇరువదియైదు మిల్లీమీటర్ల బిళ్లలు రెండువైపుల వేసిన బండి వెడల్పున ఏబది మిల్లీమీటర్లు పెరిగి, బేరింగులకు భారము హెచ్చి, గుంతలలో పడినప్పుడు టైరు మడ్‌గార్డును రాచుకొనును. నడిమి రంధ్రము హబ్బుకు సరిగా కుదరని బిళ్లను నేనెన్నడును మెచ్చలేదు. చక్రము కేంద్రమున నిలువక వణకుచుండును.

ఇంతకును నా మనస్సును కలతపెట్టునది వేరొకటి. అడాప్టరును హబ్బుకు పట్టియుంచు నాలుగు నట్లు చక్రము వెనుక దాగియుండును. చక్రము విప్పిననే గాని అవి కంటబడవు. ఎవరెంత నేర్పుతో బిగించినను, మొదటి వంద కిలోమీటర్లలోపున, అనగా దాచేపల్లినుండి బయలుదేరి గుంటూరు చేరునంతలోనే, చక్రమును మరల విప్పి వాటిని పానాతో పరీక్షింపవలసియుండును. ఆపైన టైరు విప్పిన ప్రతిమారును పరీక్షింపవలెను. సొంతదారునకు తెలియుటతో నిది ముగియదు. పంక్చరు వేయు కుర్రవాడు బయటి నట్లనే చూచి పని ముగించును. బండిని కొనువాడు అడాప్టరున్నదనియే యెరుగడు. కావున అడాప్టరు వేయించినవారు ఆ సంగతిని బండి పత్రములతోపాటు ఒక కాగితముపై వ్రాసియుంచి, పంక్చరు కొట్టువానితో ముందుగానే, “బాబూ, లోపలి నట్లుకూడ చూడు” అని చెప్పవలెను. బండి నమ్మునప్పుడు ఆ కాగితమును క్రొత్తవాని చేతి కీయవలెను.