ప్రత్యర్థులు ఒకే కారెక్కినప్పుడు

అమెరికాలో వృత్తి కుస్తీ చేసి విరమించిన మల్లయోధులు, వారి మేనేజర్లు, రిఫరీలు, వ్యాఖ్యాతలు ఏటా ఒకసారి లాస్ వేగాస్‌లో కలుసుకుంటారు. ఆ కలయికను జరిపించే సంస్థ పేరు కాలీఫ్లవర్ ఆలీ క్లబ్. మల్లయోధుడిగా పేరు పొంది, తరువాత హాలీవుడ్ చిత్రాల్లో రౌడీ పాత్రలకు స్థిరపడిన మైక్ మజూర్కీ చొరవతో 1965లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఈ క్లబ్, తన పేరును కుస్తీవాళ్ల చెవి నుంచి తీసుకుంది. పట్టు నుంచి తల విడిపించుకునే పెనుగులాటలో చెవిడొప్ప నలిగి, అందులోని మృదులాస్థికీ దానిని అంటిపెట్టుకుని ఉండే పలుచని పొరకూ నడుమ రక్తం చేరుతుంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు; దాని పోషణంతా ఆ పొర గుండానే జరగాలి. కనుక చేరిన రక్తాన్ని వెంటనే తీయించకపోతే ఆ భాగం చచ్చుబడి, దాని చోట గట్టి కణజాలం ముడుతలు ముడుతలుగా పెరిగి చెవి కాలీఫ్లవర్ పువ్వు రూపానికి వస్తుంది. భారతీయ అఖాడాల్లో మట్టిలో కుస్తీ పట్టిన పహిల్వాన్లకూ ఈ చెవులే ఉంటాయి. ఎక్కడైనా పాత కుస్తీవాడిని ఇంకో కుస్తీవాడు మొదట చెవిని బట్టే పోల్చుకుంటాడు.

డెబ్భై ఏళ్లు దాటిన ఒక మల్లయోధుడు ఈ కలయికకు బయలుదేరడం, ఆరోగ్యంగా ఉన్న అదే వయసు వాడు పెళ్లికి బయలుదేరడం వంటిది కాదు. పదే పదే వెల్లకిలా పడి నడుమూ, పైతాడు మీద నుంచి దూకి మోకాళ్లూ అరిగిపోయిన దేహమది. మోకాలిలోనో తుంటిలోనో లోహపు కీలు అమర్చి ఉంటుంది గనుక విమానాశ్రయం తనిఖీ దగ్గర ఆలస్యమవుతుంది; కాలు చాపుకోవడానికి నడవా పక్క సీటు కావాలి; దిగిన చోట చక్రాల కుర్చీకి ముందుగా చెప్పి ఉంచాలి; చాలా ఏళ్లు ఈ కలయికకు వేదికగా నిలిచిన గోల్డ్ కోస్ట్ వంటి క్యాసినో హోటళ్లలో గది నుంచి సమావేశ మందిరానికి జూదపు బల్లల మధ్య నడవాల్సిన దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇన్ని ఏర్పాట్ల నడుమ అతను అన్నిటికన్నా ముందు తేల్చుకునేది ఎవరితో కలిసి వెళ్లాలన్నది. బయటివారికి అది స్నేహానికి సంబంధించిన మామూలు విషయంగా కనిపించినా, ఆ వృత్తి చరిత్ర తెలిసినవారికి అందులో చాలా అర్థముంది.

ఒకే సంస్థ కుస్తీ టెలివిజన్ ద్వారా దేశమంతటికీ చేరడానికి ముందు, ఉత్తర అమెరికా కుస్తీ వ్యాపారం ‘టెరిటరీలు’గా, అంటే ఒక్కో ప్రమోటర్ చేతిలో ఉండే ప్రాంతాలుగా విడిపోయి ఉండేది. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో సమావేశమైన కొందరు ప్రమోటర్లు నేషనల్ రెజ్లింగ్ అలయన్స్‌ను ఏర్పరచుకుని, ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకుండా, అందరికీ కలిపి ఒకే ప్రపంచ ఛాంపియన్ ఉండేలా ఒప్పందం చేసుకున్నారు. ఒక టెరిటరీలో పనికి కుదిరిన మల్లయోధుడు ప్రతి రాత్రీ ఒక ఊళ్లో పోటీ చేసి, తెల్లవారేలోగా కారు నడుపుకుంటూ మరో ఊరు చేరేవాడు. కెనడాలో స్టూ హార్ట్ నడిపిన స్టాంపీడ్ రెజ్లింగ్‌లో కాల్గరీ నుంచి సాస్కటూన్‌కు దాదాపు 600 కిలోమీటర్లు, రెజైనాకు అంతకంటే ఎక్కువ దూరం, చలికాలంలో మంచు పేరుకున్న దారిలో వెళ్లవలసి వచ్చేది. రింగులో గడిపేది పావుగంటో అరగంటో అయితే రోడ్డు మీద గడిపేది ఏడెనిమిది గంటలు. కనుక కుస్తీ విద్య నేర్పిన బడి ఆ కారే అనడం అతిశయోక్తి కాదు. జనం ఎక్కడ కేకలు వేశారు, ఎక్కడ చప్పబడ్డారు, పట్టును ఇంకొంతసేపు ఎందుకు బిగించి ఉంచాలి, ఏ దెబ్బకు ఎలా పడితే వెన్ను నిలుస్తుంది అన్న పాఠాలను వెనుక సీటులో కూర్చున్న కుర్రవాడికి ముందు సీటులోని పెద్దవాడు చెప్పేవాడు. ఆ విద్య పుస్తకాలకెక్కలేదు. ఎక్కే వీలూ లేదు, ఎందుకంటే వృత్తి రహస్యాన్ని బయటపెట్టకూడదన్నది అందులోని మొదటి నియమం.

ఆ నియమానికే ‘కేఫేబ్’ అని పేరు. పోటీ ఫలితం ముందే నిర్ణయమై ఉన్నా, రింగులోని వైరం నిజమైనదేనన్న నమ్మకాన్ని రింగు బయట కూడా కాపాడటమే కేఫేబ్. ప్రేక్షకులు అభిమానించవలసిన వాడిని బేబీఫేస్ అనీ, ద్వేషించవలసిన వాడిని హీల్ అనీ పిలుస్తారు. ఈ రెండు వర్గాలవారు వేరువేరు గదుల్లో దుస్తులు మార్చుకోవాలి, వేరువేరు హోటళ్లలో తినాలి, అన్నిటికీ మించి వేరువేరు వాహనాల్లో ప్రయాణించాలి అన్నది ఆనాటి కట్టుబాటు. రాత్రి రింగులో ఒకరి ప్రాణాన్ని మరొకరి చేతిలో పెట్టే ఇద్దరు మనుషులు, రోడ్డు మీద ఒకరినొకరు చూడనట్టు సాగిపోయేవారు. ఈ నియమం ఎంత దూరం వెళ్లేదో చెప్పడానికి 1975 అక్టోబర్ 4 నాటి ప్రమాదం ఒక్కటి చాలు. షార్లెట్ నుంచి విల్మింగ్టన్‌కు మల్లయోధులను తీసుకువెళ్తున్న చిన్న సెస్నా విమానం ఇంధనం అయిపోయి కూలిపోయింది. పైలట్ తరువాత మరణించాడు. జానీ వాలెంటైన్ మళ్లీ కుస్తీ పట్టలేకపోయాడు. అప్పటికి ఇంకా యువకుడైన రిక్ ఫ్లెయిర్ వెన్ను మూడు చోట్ల విరిగింది. అదే విమానంలో ‘మిస్టర్ రెజ్లింగ్’ అనే ముసుగు పాత్రధారి, బేబీఫేస్ అయిన టిమ్ వుడ్స్ కూడా ఉన్నాడు. అతను హీల్స్‌తో కలిసి ప్రయాణించాడని బయటపడితే ఆ ప్రాంతంలో వ్యాపారమే దెబ్బతింటుంది. అందుకే గాయాలతో ఆసుపత్రిలో ఉండి కూడా అతను తన అసలు పేరు చెప్పి, తానొక ప్రమోటర్‌నని నమ్మించాడు. అనుమానం పూర్తిగా తీరడానికి, ఒళ్లు నయం కాకముందే, రెండు వారాలకల్లా మళ్లీ రింగులోకి దిగాడు. కుస్తీని ‘ఉత్తుత్తి పోట్లాట’ అని కొట్టిపారేసేవారు ఈ ఒక్క ఉదంతాన్ని నిదానంగా ఆలోచించాలి. ఫలితం ముందే తెలిసినదైతే కావచ్చు; ఆ మనిషి భరించిన నొప్పిలో మాత్రం కల్పన లేదు.

కాలక్రమంలో ఈ కట్టుబాటు సడలింది. 1987 మేలో న్యూజెర్సీ రహదారిపై పోలీసులు ఆపిన ఒక కారులో, అమెరికా జెండా పట్టుకుని రింగులోకి వచ్చే జిమ్ డగ్గన్, అతనికి బద్ధశత్రువుగా చూపిన ఐరన్ షేక్ కలిసి కనిపించారు. వారిపై పెట్టిన కేసు సంగతి అటుంచితే, ఇద్దరూ ఒకే కారులో ఉన్నారన్న వార్తే అభిమానులను ఎక్కువగా కలవరపెట్టింది. ఇద్దరూ కొలువు పోగొట్టుకున్నారు. క్రీడా కమిషన్ పర్యవేక్షణ నుంచి తప్పించుకోవడానికి 1989లో వారి సంస్థే న్యూజెర్సీ శాసనకర్తల ముందు ఇది వినోద ప్రదర్శన అని ఒప్పుకుంది. రహస్యాన్ని కాపాడటానికి విరిగిన ఎముకలతో రింగులోకి దిగినవారి గురించి ఆ ఒప్పుకోలులో ఒక్క మాటా లేదు.

ప్రయాణం ఈ వృత్తిలో ఎంత కీలకమో లూ థెజ్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1937లో తొలిసారి ప్రపంచ టైటిల్ గెలిచిన అతను 1990లో జపాన్‌లో చివరి పోటీ చేశాడు. ఈ నడుమ అతను అలయన్స్ ఛాంపియన్‌గానూ ఉన్నాడు; ఆ ఛాంపియన్ అంటే ఒక ఊరి వీరుడు కాడు. టెరిటరీ నుంచి టెరిటరీకి తిరుగుతూ, ప్రతిచోటా స్థానిక వీరుడు తనను దాదాపు ఓడించాడని జనం నమ్మేలా చేసి, టైటిల్‌తో తిరిగి రైలో విమానమో ఎక్కే మనిషి. ఎదుటివాడిని గొప్పవాడిగా నిలబెట్టడం అతని అసలు పని. 1968లో ముంబైలో దారాసింగ్ చేతిలో థెజ్ ఓడిన పోటీని కూడా ఈ దృష్టితోనే చూడాలి. తరువాత దూరదర్శన్ రామాయణంలో హనుమంతుడిగా తెలుగువారి ఇళ్లలోకీ వచ్చిన దారాసింగ్ కీర్తిలో, ఎక్కడి నుంచో వచ్చి పడి లేచి వెళ్లిన ఆ అమెరికన్‌కూ వాటా ఉంది. ఆ థెజే పిమ్మట కాలీఫ్లవర్ ఆలీ క్లబ్‌కు అధ్యక్షుడయ్యాడు. అతని దగ్గర శిక్షణ పొందిన నిక్ బాక్‌వింకిల్ కూడా 2007 నుంచి ఆ బాధ్యత వహించాడు. తండ్రీ మల్లయోధుడే కావడంతో బాల్యం నుంచి ఈ లోకాన్ని ఎరిగిన బాక్‌వింకిల్, రింగులో హీల్‌గా ఎన్ని వేల మంది చేత తిట్టించుకున్నాడో, కలయికల్లో అంత ఆదరంతో అందరినీ పలకరించే పెద్దమనిషిగా ఉండేవాడు.

కలయికలో జరిగేవి కూడా రోడ్డు నుంచి వచ్చినవే. చెక్కపలకకు ఉన్న చిల్లుల్లో పుల్లలు జరుపుతూ లెక్క వేసుకునే క్రిబేజ్ అనే పేకాటను, ఒకప్పుడు పోటీల మధ్య కాలక్షేపానికి ఆడినదానిని, ఇక్కడ పోటీగా ఆడతారు. బలోనీ అనే చవక మాంసపు ముక్కలు రొట్టెలో పెట్టుకుని కారులోనే తిన్న రోజుల గుర్తుగా ఒక సాయంత్రానికి ఆ పేరే పెట్టుకున్నారు. అభిమానులకూ సభ్యత్వం ఉంది. అయితే ఈ సంస్థ ఉనికికి బలమైన కారణం దాని సహాయ నిధి. మల్లయోధులను ప్రమోటర్లు ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా లెక్కించడం ఆనవాయితీ. దానితో పింఛను గానీ, సంస్థ తరఫున ఆరోగ్య బీమా గానీ లేకుండానే వారు వృద్ధాప్యంలోకి అడుగుపెట్టారు. మోకాలి శస్త్రచికిత్సకు డబ్బు లేని వాడికి తోటి మల్లయోధులే విరాళాలు పోగు చేయడం గౌరవించదగిన విషయం. అలా పోగు చేయవలసి రావడం, వారి దేహాల మీద సంపాదించిన వ్యాపారానికి తలవంపు.

అందుకే ఎవరితో వెళ్లాలన్న నిర్ణయానికి అంత బరువుంది. క్లబ్ పుట్టిన లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగాస్‌కు విమానంలో గంట చాలు. అంతర్రాష్ట్ర రహదారి 15 మీద కారులో సుమారు 430 కిలోమీటర్లు, నాలుగు గంటల పైనే పడుతుంది. మోకాళ్లు ఓర్చుకోగలిగితే, పక్క సీటులో పాత ప్రత్యర్థి ఉంటే, రోడ్డు మార్గాన్నే ఎంచుకోవడం మేలు. ఎందుకంటే ఒకే పోటీని ఇద్దరూ చెరోవైపు నుంచి చేశారు. ఏ రాత్రి ఎవరు తడబడ్డారో, ఎవరు ఎవరిని కాచారో ఇద్దరి జ్ఞాపకాలూ కలిస్తేగానీ తేలదు. పని ఉన్న రోజుల్లో ఆ మాటలు మాట్లాడుకోవడానికి వారిని ఒకే కారులో కూర్చోనివ్వలేదు. వెనుక సీటులో ఒక కుర్ర మల్లయోధుడికి కూడా చోటు ఉంచగలిగితే ఇంకా మంచిది.