వాకిలి కాచిన పునీతుడు

జనవరి 6 వర్ధంతి సందర్భంగా ఈ వారం కెనడాకు చెందిన బ్రదర్ ఆంద్రే బెస్సెట్‌ను తలచుకున్నవారిలో ఎక్కువమంది ఆయన ప్రార్థనతో రోగులకు కలిగాయని చెప్పే స్వస్థతల గురించే మాట్లాడి, దాదాపు నలభై ఏళ్లు ఆయన చేసిన ద్వారపాలకుడి పనిని ఒక్క వాక్యంతో సరిపెట్టడం బాధ కలిగించింది. ఇంటి మర్యాద విస్తరి దగ్గర కాక గడప దగ్గరే తెలుస్తుందని ఈ శీర్షికలో పలుమార్లు వచ్చిన మాటకు ఆ పనిని మించిన సాక్ష్యం లేదు.

1845లో క్విబెక్‌లో పుట్టి, పన్నెండేళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకుని, అమెరికా మిల్లుల్లో కూలి చేసి, 1870లో హోలీ క్రాస్ అనే మఠవాస సభలో చేరిన ఆయనకు చదువూ అంతంతమాత్రమే, ఆరోగ్యమూ అంతంతమాత్రమే. గురుపట్టం లేకుండా వ్రతాలు మాత్రం స్వీకరించి సేవ చేసేవారిని బ్రదర్ అంటారు. అలాంటి బ్రదర్‌గా ఆయన మాంట్రియల్‌లోని నోత్ర్ దామ్ కళాశాల వాకిలి కాచారు. గంట మోగితే తలుపు తీయడం, లోపలివారికి కబురందించడం, ఉత్తరాలు తేవడం, నేల తుడవడం, పిల్లలకు జుట్టు కత్తిరించడం అన్నీ ఆయన పనులే. క్షవరానికి ముట్టిన అయిదేసి సెంట్లను కూడబెట్టి, బాలయేసును పెంచిన వడ్రంగి పునీత జోజప్ప పేరిట ఎదుటి కొండపై 1904లో లేచిన చిన్న ప్రార్థనాలయానికి ఇచ్చారు. ఇప్పుడు అక్కడున్న మహాదేవాలయానికి అదే మొదలు.

ఇన్నేళ్లు తలుపు తీసిన మనిషి చిరునవ్వు చెరగని శాంతమూర్తి అయివుంటారని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే, స్వస్థత కోరి రోగులు కళాశాలకు రావడంపై విద్యార్థుల తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పగా దగ్గరలోని ట్రామ్ స్టేషన్‌లో వారిని కలుసుకున్న ఆ బ్రదర్, అలసిపోయినప్పుడు విసుక్కునేవారు, కటువుగా మాట్లాడేవారు, ఆ తర్వాత అందుకు కన్నీళ్లు పెట్టుకునేవారు, మర్నాడు మళ్లీ అదే చోట జనం గోడు వినేవారు. ఆతిథ్యానికి నగుమోమే తొలి లక్షణమని ఈ శీర్షిక ఇంతకాలం పట్టుబట్టిన మాటను ఇక సవరించుకోక తప్పదు. విసుగు వచ్చిన మర్నాడు కూడా తలుపు తీసిన చేయి అంతకంటే ముందు నిలుస్తుంది.

1937లో 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసినప్పుడు, ఆ చలిలో దాదాపు పది లక్షల మంది కడసారి చూపుకు వచ్చారు. కథోలిక సంఘం పుణ్యజీవిగా ప్రకటించిన వ్యక్తిని పునీతుడంటారు. 2010 అక్టోబరు 17న పోపు 16వ బెనెడిక్ట్ ఆయనకు ఆ గౌరవం ఇచ్చారు. హోలీ క్రాస్ సభ నుంచి దాన్ని పొందిన మొదటి వ్యక్తి ఈ ద్వారపాలకుడే.