పంచనామా పనితనం

బాన్సువాడ పరిసరాల్లో ఏ బావిలోనో, చేను గట్టునో శవం కనబడిందంటే పోలీసులు ముందుగా రాసే కాగితాల్లో ఒకటి శవ పంచనామా. కరోనా ఏడాది హత్యలు పెరిగాయా, తగ్గాయా అన్న ప్రశ్నకు జవాబు మొదలయ్యేది ఆ కాగితం దగ్గరే. అందుకే దాని పనితనాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

సంగతి తెలియగానే అనుమానాస్పద మృతిగా కేసు కడతారు. చుట్టుపక్కల నుంచి కనీసం ఇద్దరు పెద్దమనుషుల్ని పంచులుగా పిలుస్తారు. శవం ఎలా పడి ఉంది, ఒంటి మీద బట్టలేమిటి, గాయం ఎక్కడుంది, దేనితో అయి ఉండొచ్చు, అన్నీ వాళ్ల కళ్లముందే రాస్తారు. మెడ మీది తాడు గుర్తునే తీసుకోండి. ఉరి వేసుకుంటే ఆ గుర్తు సాధారణంగా గొంతుముడికి పైన, ముడి వైపు ఏటవాలుగా ఎక్కి అక్కడ తెగిపోతుంది. ఎవరో తాడు బిగించి చంపితే కాస్త కిందుగా, అడ్డంగా, మెడ చుట్టూ తిరుగుతుంది. వేలెడు వెడల్పు గీత ఎటు వాలిందో శ్రద్ధగా రాసిపెడితే, పోస్టుమార్టం చేసే డాక్టరుకు అదొక ఆధారం. చూసీచూడనట్టు రాస్తే హత్య కాస్తా ఆత్మహత్యల పద్దులో కలిసిపోతుంది.

అయితే శవం ఒక్కటే అన్నీ చెప్పలేదు. 2020 మే 21, 22 తేదీల్లో వరంగల్ దగ్గరి గొర్రెకుంటలో ఒకే బావిలోంచి తొమ్మిది శవాలు బయటపడ్డాయి. అందరూ పొట్టకూటికి వచ్చిన వలస కూలీల కుటుంబాల వాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు. లాక్‌డౌన్ కష్టాలు తాళలేక దూకారేమోనన్నది చాలామందికి మొదట తట్టిన మాట. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు మునిగి చనిపోయారని చెప్పగలదు. దూకారా, ఎవరైనా పడేశారా అన్నది చెప్పలేదు. ఆ ముడి విప్పింది దర్యాప్తే. తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను ఒక వ్యక్తి బావిలో పడేశాడని తేలింది. అదే ఏడాది అక్టోబరు 28న వరంగల్ కోర్టు నిందితుడికి ఉరిశిక్ష వేసింది.

ఇక లెక్క. స్టేషన్ నుంచి జిల్లాకు, అక్కణ్నుంచి రాష్ట్రానికి, చివరికి ఢిల్లీలోని జాతీయ నేర రికార్డుల బ్యూరోకు అంకెలు చేరతాయి. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా, అన్నింటికన్నా ఘోరమైనదాని కిందే లెక్కిస్తారు. ఒక కేసులో తొమ్మిది ప్రాణాలు పోయినా ఆ మనుషులు మరుగున పడకుండా, కేసులకో గడి, బాధితులకో గడి. ఈ రెండో గడి పెట్టినవాళ్ల ముందుచూపు నాకెంతో నచ్చుతుంది.

ఆ పద్దు ఏం చెప్పిందంటే, 2019లో దేశంలో 28,918 హత్య కేసులు, 2020లో 29,193. పెరుగుదల ఒక శాతం. అదే ఏడాది ప్రభుత్వ ఆదేశాల ఉల్లంఘన కేసులు 29,469 నుంచి 6,12,179కి ఎగబాకాయి. 23 దేశాల్లోని 27 నగరాలను పరిశీలించిన ఒక అధ్యయనంలోనూ మిగతా నేరాలు బాగా మారినా హత్యలు అంతగా మారలేదని కనిపించింది: ఆంక్షల కాలంలో మొత్తం నేరాలు సగటున 37 శాతం తగ్గితే, హత్యలు 14 శాతమే తగ్గాయి. జేబుదొంగకు జనసందడి కావాలి. హత్యకు అది అక్కర్లేదు. 2020లో మన దేశంలో 10,404 హత్య కేసులకు కారణం తగాదాలే. సొంత లాభం కోసం చేసినవి 1,876. తగాదా పడే ఇద్దరూ చాలాసార్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఒక్కోసారి ఒకే ఇంటివాళ్లు. తలుపులు మూసినంత మాత్రాన వాళ్లు దూరం కారు.

ఈ లెక్కకూ ఒక లోటుంది. ఏడాదికి ఒకే అంకె కావడంతో, తెలంగాణలో మద్యం దుకాణాలు మూతపడి మే 6న తెరుచుకునేదాకా గడిచిన వారాలూ, ఆ తర్వాతి నెలలూ అందులో కలిసిపోయాయి. నెలవారీగా విడగొట్టి అచ్చువేస్తే ఆంక్షలకూ హత్యలకూ ఉన్న సంబంధం ఇంకా తేటగా కనిపించేది.

మీ ఊళ్లో ఎప్పుడైనా పంచుగా రమ్మని పిలిస్తే వెనకాడకండి. శవాన్ని కళ్లారా చూడండి, రాసింది చదివించుకుని వినండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.