కుళాయి వాషర్ మీద చుట్టిన రేడియో

హామ్ (ఔత్సాహిక రేడియో) పరీక్ష రాసిన కుర్రాడు మొదట అడిగేది ఒకటే: ఏ రేడియో కొనాలి? చాలామంది అరచేతిలో ఇమిడే చైనా హ్యాండ్‌హెల్డ్ తెచ్చుకుంటారు. ఊళ్లో రిపీటర్ ఉంటే దాంతో ఊరంతా పలకరించవచ్చు, తప్పేం లేదు. నన్నడిగితే మాత్రం హైదరాబాదులో పుట్టిన బిట్‌ఎక్స్ అనే రేడియో సర్క్యూట్ బొమ్మను ముందు బల్ల మీద పరుచుకోమంటాను.

దాన్ని 2003లో రూపొందించినవాడు అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ. బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదిక స్థాపకుల్లో ఒకరిగా నాటకాల వాళ్లకూ ఆయన తెలుసు. వేలు పోసి విదేశీ సెట్టు కొనలేని మన హామ్‌ల కోసం, 300 రూపాయల లోపు విడిభాగాలతో, గొంతును ప్రపంచం చివరికి పంపగల 6 వాట్ల రిగ్గు కట్టాలని ఆయన పూనుకున్నాడు. ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు తింటుంది. దానికన్నా తక్కువ శక్తి ఇది!

కాయిల్ చుట్టడానికి రేడియో వాళ్లకు టొరాయిడ్ కావాలి. ఆ గుండ్రటి రింగు అప్పట్లో మన బజార్లో సులువుగా దొరికేది కాదు. ఫర్హాన్ కుళాయికి వేసే వాషర్ తీసుకుని దాని మీద రాగి తీగ చుట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్ కోర్లు వాడాడు. చివర్లో శక్తినిచ్చే ఐఆర్‌ఎఫ్510 కూడా రేడియో కోసం పుట్టింది కాదు, స్విచ్చింగ్ పనులకు చేసిన చవక మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్. దొరికిన వస్తువుతో సరిపెట్టుకోవడం కాదిది. ఏ వస్తువు దొరుకుతుందో ముందు చూసుకుని, దానికి తగ్గట్టు లెక్క కట్టడం. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే పనితనం అనుకుంటాను.

అసలు అందం లోపల ఉంది. ఏంటెనా నుంచి వచ్చిన 14 మెగాహెర్ట్జ్ సంకేతం, సెట్టులోని ఆసిలేటర్‌లో పుట్టే 4 మెగాహెర్ట్జ్‌తో మిక్సర్‌లో కలిసి 10 మెగాహెర్ట్జ్‌కు దిగుతుంది. అక్కడ వరసగా నిలబెట్టిన క్రిస్టల్స్ జల్లెడ పట్టి, కావలసిన గొంతును మాత్రమే వదులుతాయి. మనం మాట్లాడేటప్పుడు ఇదంతా తిరగబడాలి. మైకులోంచి వచ్చిన గొంతు 10 దగ్గర మొదలై, అదే జల్లెడ దాటి 14కు ఎక్కాలి. మామూలుగానైతే దీనికి రెండు వేరు దారులు వేస్తారు, లేదా దారి మార్చడానికి బోలెడు స్విచ్చులు పెడతారు. ఫర్హాన్ ప్రతి ఆంప్లిఫయర్ మెట్టు దగ్గరా రెండు ట్రాన్సిస్టర్లను ఎదురెదురు దిక్కులకు నిలబెట్టాడు. 12 వోల్టులు ఒక వరసకు ఇస్తే సంకేతం ఇటు నడుస్తుంది, రెండో వరసకు ఇస్తే అటు నడుస్తుంది. కరెంటు అందని ట్రాన్సిస్టర్ దారికి అడ్డం రాకుండా ఊరుకుంటుంది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు లాంటిదే ఈ జల్లెడ. ఒక్కటే, రెండు ఒడ్లకూ అదే తిరుగుతుంది. పేరులోని 'బి' ఈ రెండు దిక్కుల నడకే.

ఈ పొదుపు డబ్బు ఒక్కటే మిగల్చదు. ఎదుటివాడి గొంతు ఏ ఫ్రీక్వెన్సీలో స్పష్టంగా వినిపించిందో, మన జవాబూ సరిగ్గా అక్కడికే పోతుంది. వినడం కుదిరిందంటే ఆసిలేటర్లు, మిక్సర్, జల్లెడ పనిచేస్తున్నట్టే. అంటే పంపే సగంలో చాలా భాగాన్ని అప్పటికే పరీక్షించేసినట్టు. మొదటిసారి టంకం పట్టినవాడికి ఇంతకన్నా ధైర్యం ఏముంటుంది? ఈ నిర్మాణానికి వెనక అమెరికా హామ్ వెస్ హేవార్డ్ సలహాలున్నాయని ఫర్హాన్ తన వ్యాసంలోనే కృతజ్ఞతతో రాసుకున్నాడు.

లోపాలూ చెప్పాలి. కాయిల్‌తో నడిచే తొలి సెట్టు వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ జారిపోయేది. ఏంటెనా తగిలించకుండా మైకు నొక్కితే ఐఆర్‌ఎఫ్510 కాలిపోయే ప్రమాదం ఉంది. ఆ ఫ్రీక్వెన్సీ జారుడు తర్వాత బిట్‌ఎక్స్40లో తగ్గింది. బోర్డు తయారుగా వచ్చిన ఆ 7 మెగాహెర్ట్జ్ సెట్టుకు చిన్న ఆర్డుయినో జతచేసి ఫ్రీక్వెన్సీని కట్టడి చేశారు. దాని కాయిళ్లు హైదరాబాదులోనే మహిళలు చేత్తో చుట్టారు. కొత్తవారికి నేను చెప్పేది ఈ 7 మెగాహెర్ట్జ్ బ్యాండే. ఏంటెనాగా రెండువైపులా పదేసి మీటర్ల తీగ లాగితే పగటిపూట చెన్నై, బెంగళూరు, నాగపూర్ వినిపిస్తాయి.

లైసెన్సు పెద్ద కష్టమేం కాదు. 12 ఏళ్లు నిండినవారెవరైనా కేంద్రంలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, రేడియో సిద్ధాంతమూ నిబంధనలూ వస్తే చాలు. పాసైతే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తారు. దాంతోపాటు వచ్చే హక్కే నాకు ప్రియమైనది: ట్రాన్స్‌మిటర్‌ను సొంత చేతులతో కట్టుకుని గాలిలోకి వదిలే హక్కు. పుస్తకంలో ఫిల్టర్, మిక్సర్, సైడ్‌బ్యాండ్ అని బట్టీపట్టే కుర్రాడు ఈ బోర్డు పక్కన పెట్టుకుంటే, ఒక్కో మాటా వేలితో తాకి చూసుకోవచ్చు.

మైకు నొక్కే ముందు ఏంటెనా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించి ఒకసారి పరీక్షించండి. నాలుగైదు రెసిస్టర్లు కలిపి అదీ ఇంట్లోనే చేసుకోవచ్చు.