వీలునామాలో 500 ప్రతులు

విశ్వవిద్యాలయానికి డబ్బు ఇవ్వడం ఒక పని. తాను పోయాక కూడా ఆ డబ్బు తాను అనుకున్న పనే చేసేలా ఇవ్వడం ఇంకో పని. రెండోదానికి మంచి మనసు ఒక్కటే చాలదు, పత్రం రాసే నేర్పు కావాలి. మన స్నాతకోత్సవాల్లో బంగారు పతకాలతో పాటు వినిపించే పాత విద్యార్థుల, రిటైరైన ఆచార్యుల పేర్ల వెనక ఉండేది ఆ నేర్పే. దాన్ని విడదీసి చూడాలంటే నాకు కలకత్తా విశ్వవిద్యాలయాన్ని మించిన చోటు కనిపించదు. 1857లో మొదలైన ఆ సంస్థకు తొలి ఎనభై ఏళ్లలో అందిన శాశ్వత నిధులు ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి.

ముందు అమరిక. దాత ఇచ్చిన మొత్తం మూలధనం; దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రోజుల్లో అలాంటి డబ్బుకు మామూలు చోటు ప్రభుత్వ ప్రామిసరీ నోట్లు. ఏటా వచ్చే వడ్డీ మాత్రమే ఖర్చుకు. కాబట్టి దాత వెనక నుంచి లెక్క వేసుకోవాలి: ఏ పని జరగాలి, దానికి ఏడాదికి ఎంత కావాలి, అంత వడ్డీ రావాలంటే ఎంత మూలధనం పెట్టాలి. 3 లక్షల మీద నూటికి నాలుగు చొప్పున వచ్చేది ఏడాదికి 12 వేలు, అంటే నెలకు వెయ్యి. 1868లో కన్నుమూసిన ప్రసన్నకుమార్ ఠాగూర్ తన వీలునామాలో న్యాయశాస్త్ర ఆచార్య పీఠానికి రాసిన మొత్తం ఆ 3 లక్షలే.

ఆ వీలునామా గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఠాగూర్ స్వయంగా పేరుపొందిన న్యాయవాది. క్రైస్తవం తీసుకున్న కొడుకును పక్కనపెట్టి, తన ఆస్తి ఇంకా పుట్టని తరాల మగవారసులకు వరసగా చేరేలా ఒక గొలుసు అల్లాడు. కొడుకు కోర్టుకెక్కాడు. 1872లో ప్రీవీ కౌన్సిల్ ఆ గొలుసును తెంచేసింది: హిందూ న్యాయం ప్రకారం పుట్టనివాడికి ఆస్తి ఇవ్వడం కుదరదు, కొత్తరకం వారసత్వాన్ని ఒక వ్యక్తి కల్పించలేడు. అదే వీలునామాలోని ఆచార్య పీఠం మాత్రం నిలిచింది. సొంత వంశం కోసం ఆస్తిని తరతరాలు కట్టిపడేయనివ్వని చట్టం, ప్రజల మేలు కోసం అయితే అనుమతిస్తుంది. తర్వాత 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో ఈ రెండూ పక్కపక్కనే చేరాయి: 14వ సెక్షన్‌లో నిషేధం, 18వ సెక్షన్‌లో ప్రజాహిత దానాలకు మినహాయింపు. విశ్వవిద్యాలయాల శాశ్వత నిధులన్నీ నిలబడేది ఈ సందులోనే. ఒకే కలంతో రాసిన ఒకే పత్రంలో ఈ తేడా ఇంత స్పష్టంగా బయటపడిన సందర్భం మరొకటి నాకు తెలియదు.

ఇక షరతులు. ఆచార్యుడు ఏటా ఒక పూర్తి ఉపన్యాసమాల ఇవ్వాలి. వినేవాళ్ల దగ్గర రుసుము తీసుకోకూడదు. ఆ ఉపన్యాసాలను అచ్చువేసి కనీసం 500 ప్రతులు ఉచితంగా పంచాలి. నా దృష్టిలో ఈ మూడో షరతే మొత్తం పత్రానికి ప్రాణం. ఉపన్యాసం గదిలోనే ఆగిపోతుంది, గదిలో లేనివాడికి అందదు. ఎలాగూ పుస్తకం కావాలని ముందే తెలిస్తే ఆచార్యుడు పుస్తకానికి తగ్గట్టే సిద్ధమవుతాడు. పీఠం నాణ్యతను తనిఖీ చేయడానికి దాత ఏ సంఘాన్నీ నియమించనక్కర లేకపోయింది. అచ్చులో పేరుతో సహా బయటికి రావడమే తనిఖీ.

1875-76లో ఆ పీఠం మీద కూర్చున్నవాడు రాష్‌బిహారీ ఘోష్. అదే విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., లా చదివిన పాత విద్యార్థి. భారతదేశంలో తనఖా చట్టం మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకమై, ఏళ్ల తరబడి న్యాయవాదుల బల్లల మీద ఉన్నాయి. పెద్ద లాయరై బాగా సంపాదించాడు. 1913లో విశ్వవిద్యాలయానికి 10 లక్షలు ఇచ్చాడు.

దానికి ఏడాది ముందే మరో న్యాయవాది తారకనాథ్ పాలిత్ స్థలాలూ డబ్బూ కలిపి దాదాపు 15 లక్షల ఆస్తి రాసిచ్చాడు. వైస్ ఛాన్సలర్ ఆశుతోష్ ముఖర్జీ సైన్స్ కళాశాల కట్టాలని చూస్తున్న కాలం అది. పాలిత్ కోరింది భౌతికశాస్త్రంలో ఒకటి, రసాయనశాస్త్రంలో ఒకటి, రెండు పీఠాలు. వాటిలో భారతీయులే ఉండాలి. ఆచార్యుడి మొదటి బాధ్యత సొంత పరిశోధన, పై తరగతుల విద్యార్థుల చేత పరిశోధన చేయించడం. విశ్వవిద్యాలయం కూడా తన నిధి నుంచి తన వాటా వేయాలి. ఈ చివరి షరతులో లోతైన తెలివి ఉంది. పూర్తిగా ఉచితంగా వచ్చినదాన్ని సంస్థ అతిథిలా చూస్తుంది. తానూ డబ్బు పెట్టినదాన్ని కాపాడుకుంటుంది.

అయితే పాలిత్ పత్రంలో ఒక బిగుతు కూడా ఉంది. పీఠానికి వచ్చేవాడికి విదేశీ శిక్షణ ఉండాలన్న షరతు. ముఖర్జీ ఎంచుకున్న వ్యక్తి, విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన చంద్రశేఖర వేంకట రామన్, విదేశానికి వెళ్లనన్నాడు. ఆర్థికశాఖలో అంతకన్నా ఎక్కువ జీతం వదులుకుని వస్తున్నవాడు ఆయన. షరతు సడలించారు. 1917లో రామన్ తొలి పాలిత్ భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1928 ఫిబ్రవరి 28న, బౌబజార్‌లోని విజ్ఞాన సంఘం ప్రయోగశాలలో తన పేరుతో నిలిచిన ప్రభావాన్ని గమనించేనాటికి ఆయన ఆ పీఠం మీదే ఉన్నాడు. షరతు పెట్టినవాడి దూరదృష్టి ఎంత గొప్పదో, దాని ఉద్దేశం గ్రహించి అక్షరాన్ని సడలించినవాడి విచక్షణ అంతే గొప్పది. మంచి పత్రం రెండింటికీ చోటివ్వాలి.

ఘోష్ పత్రం చూస్తే, ముప్ఫై ఏడేళ్ల క్రితం తాను కూర్చున్న పీఠం నుంచి ఆయన ఏం నేర్చుకున్నాడో తెలుస్తుంది. అనువర్తిత గణితం, భౌతికం, రసాయనం, వ్యవసాయానికి ప్రాధాన్యంతో వృక్షశాస్త్రం: నాలుగు పీఠాలు. వాటితో పాటు ఎనిమిది పరిశోధక వేతనాలు. నాలుగుకు ఎనిమిది, అంటే ఆచార్యుడికి ఇద్దరు. చెప్పేవాడి జీతంతో పాటు నేర్చుకునేవాడి భోజన ఖర్చునూ ఆయన మూలధనంలోనే లెక్కించాడు.

ఈ పనితనానికి లొంగనిది ఒక్కటే: ధరలు. ప్రభుత్వ పత్రాల వడ్డీ మారదు, రూపాయి విలువ మారుతుంది. నలభై ఏళ్ల కిందట ఒక అధ్యాపకుడు తన గురువు పేరిట పతకానికి వేసిన నిధి ఇవాళ బంగారం కొనలేదు. అందుకే ఇప్పుడు జాగ్రత్తగా రాసే దాతలు ఒక వాక్యం చేరుస్తున్నారు: వచ్చిన వడ్డీలో కొంత భాగం ఏటా తిరిగి మూలధనంలో కలపాలి. మొదటి ఏళ్లలో పతకం కాస్త చిన్నదవుతుంది. ముప్ఫయ్యో ఏట కూడా పతకం ఉంటుంది.

ధరల సమస్య తగలని మరో దారి తొలి పాలిత్ రసాయనశాస్త్ర ఆచార్యుడు ప్రఫుల్ల చంద్ర రాయ్‌ది. 1921లో ఆయనకు అరవై నిండాయి. అప్పటినుంచి తన జీతమంతా విశ్వవిద్యాలయానికే, రసాయనశాఖ అభివృద్ధికి వదిలేశాడు. 1936 దాకా, అంటే డెబ్బై అయిదో ఏట రిటైరయ్యే వరకూ, పని చేశాడు. ఆయన ఉండేది సైన్స్ కళాశాలలోనే ఒక గదిలో. ఈ దానంలో మూలధనం లేదు, ఎదురుచూపు లేదు. ఈ ఏటి జీతం ఈ ఏటి ప్రయోగశాలకు, ఈ ఏటి ధరల్లోనే చేరుతుంది. పాలిత్ నిధి వడ్డీ ఆచార్యుడి చేతిలో పడి మళ్లీ విశ్వవిద్యాలయానికే వచ్చేస్తోందన్నమాట. ఒకే డబ్బు రెండుసార్లు పనిచేసింది.

శాశ్వత నిధి విలువ కూడా రాయ్‌కి తెలుసు. 1922లో 10 వేల రూపాయలతో రసాయనశాస్త్రంలో ఒక బహుమతి పెట్టి దానికి నాగార్జున పేరు ఇచ్చాడు. హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా రాసినవాడు కనుక ఆ పేరు ఆయన చదువులోంచే వచ్చింది. నాగార్జునకొండ పేరులో మనం పలికే బౌద్ధ తాత్వికుడూ, రసగ్రంథాల నాగార్జునుడూ ఒకరేనా అన్నది పండితులు ఇంకా వాదించుకునే సంగతి. పదవి నుంచి దిగిన మరుసటి ఏడాది, 1937లో, రాయ్ మరో 10 వేలు ఇచ్చాడు. ఈసారి తన శాఖకు కాదు, జంతుశాస్త్ర, వృక్షశాస్త్రాలకు. ఆ బహుమతికి పెట్టిన పేరు ఆశుతోష్ ముఖర్జీది.