పంటికీ పంటికీ నడుమ

ఉక్కు పంటికీ ఉక్కు పంటికీ నడుమ మిగిల్చిన సన్నని ఖాళీవి నువ్వు. లారీల షెడ్డులో నిన్ను ప్లే అంటారు. పెద్ద లారీ ఇరుసులో నీ వెడల్పు మిల్లీమీటరులో రెండు మూడు పదోవంతులు. రాజీవ్ రహదారి మీద మానేరు ఇసుక మోసుకొచ్చే లారీ శామీర్‌పేట దాటి నగరం చేరాలంటే, ఇంజను బలమంతా ముందు నీ గడప దాటాలి. కంటికి ఆనని నీకు దండం.

నువ్వు పెరిగిపోతే గేరు పడగానే వెనక ఠక్కుమంటుంది. మరీ తరిగిపోతే పళ్ళ నడుమ నూనె నిలవదు. హౌసింగ్ మొత్తుకుంటుంది, ఉక్కు కాగి నీలమెక్కుతుంది. అప్పుడు లారీ రోడ్డు దిగి షెడ్డు చేరుతుంది. నల్లబడ్డ నూనె ట్రేలోకి కారుతుంది. రెండు పక్కలా యాక్సిల్ షాఫ్టులు బయటికొస్తాయి. ముక్కుతూ మూలుగుతూ జాకీ మీదికి డిఫ్రెన్షియల్ దిగుతుంది.

ఇక నిన్ను పుట్టించే పని. ముందు టెయిల్ పినియన్ అనే చిన్న గేరు. దాని లోతును తేల్చేవి పల్చటి ఇనుప షిమ్‌లు. ఒక్క షిమ్ ఎక్కువ తక్కువైతే నీ లెక్క తప్పుతుంది. పినియన్ బేరింగుల బిగువును ఉస్తాద్ చేత్తో తిప్పి చూస్తాడు. వదులుగా ఊగకూడదు, పట్టుకుపోకూడదు.

తరువాత క్రౌన్‌వీల్ అనే పెద్ద గేరు. పినియన్‌తో కలిపి ఒకే జతగా రాపిడి పట్టించిన తోడు అది. ఒకటి అరిగిందని ఒక్కదాన్నే మార్చడానికి లేదు, మారిస్తే రెండూ మారాల్సిందే. 6 పళ్ళ పినియన్, 41 పళ్ళ క్రౌన్: మన లారీలవాళ్ళకు బాగా తెలిసిన లెక్క. ఆ రెండు సంఖ్యలకూ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. అందుకే పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పంటినీ పలకరించాకే మొదటి జత మళ్ళీ కలుస్తుంది. ఏ పంటికీ ఒకే పంటి పోరు ఉండదు. ఆ కలయికలన్నిటిలోనూ నువ్వుండాలి. అందరికీ చోటిచ్చే నీకు దండం.

క్రౌన్‌కు రెండు పక్కలా గాళ్ళ నట్లు. "ఇటు ఒక గాడి ఇప్పు, అటు ఒక గాడి బిగించు" అంటాడు ఉస్తాద్. ఇప్పినంతే బిగించాలి, లేకుంటే బేరింగుల బిగువు చెదురుతుంది. క్రౌన్ వెంట్రుకవాసి జరుగుతుంది. పంటికి డయల్‌గేజి మొన ఆన్చి, పినియన్‌ను కదలనీయకుండా పట్టి, క్రౌన్‌ను అటూ ఇటూ కదుపుతారు. ముల్లు ఊగిన మేరే నువ్వు. ఒక్కచోట చూస్తే చాలదు, చుట్టూ చూడాలి.

ముల్లు ఒప్పుకున్నాక రంగు కూడా ఒప్పుకోవాలి. క్రౌన్ పళ్ళు కొన్నింటికి రంగు పూసి తిప్పితే, పినియన్ రాసుకున్న చోట మచ్చ తేలుతుంది. పంటి మొదట్లోకి దిగితే పినియన్ లోతెక్కువ, పైఅంచుకు ఎక్కితే తక్కువ. మచ్చ లోపలి కొన వైపు కాస్త ఒరిగితే ఉస్తాద్ తలాడిస్తాడు. బరువు పడ్డాక అది బయటి కొనకు పాకి పన్నంతా పరుచుకుంటుందని ఆయనకు తెలుసు. ఖాళీ ఇరుసు ముందు కూర్చుని నిండు బరువును చూడగలగడమే పనితనం.

క్రౌన్ మోసే గూట్లో, స్పైడర్ మీది చిన్న గేర్ల నడుమా నువ్వే. శామీర్‌పేట దగ్గర 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కే వంపులో లోపలి చక్రానికి దూరం తక్కువ, బయటి చక్రానికి ఎక్కువ. అప్పుడు ఆ చిన్న గేర్లు తమచుట్టూ తాము తిరిగి, ఒక చక్రం తగ్గించుకున్నంతా రెండోదానికి కలుపుతాయి. 1820ల చివర ఆవిరి బండి కోసం ఈ ఉపాయానికి పేటెంటు పొందిన ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెక్కర్ గడియారాల పనివాడు. అంత సన్నని చేతిపని ఇవాళ ఇసుక లారీ కింద తిరుగుతోంది.

ఇక నీ ఫలశ్రుతి. నిన్ను కొలవకుండా, ఒంట్లో బలమంతా పెట్టి బిగించినవాడి షెడ్డుకు అదే లారీ మొత్తుకుంటూ తిరిగొస్తుంది. కొలిచి, రంగు చూసి, నట్లకు లాకు వేసినవాడి దగ్గరికి ఆ లారీ రాదు. దాని డ్రైవరు మాట విని ఇంకో లారీ వస్తుంది.