అన్నంలో రాయి

"ఎత్తు తగులుతోందాండీ?"

"లేదు డాక్టరు గారూ, హాయిగా ఉంది."

కింది దవడ పంటి చోట ఇంప్లాంటు వేసి, దాని మీద క్యాపు బిగించిన రోజు ఓ పెద్దాయన అన్న మాట. నమ్మి పంపేశాను. ఏడాదిన్నరకు క్యాపు కదులుతోందని వచ్చారు. లోపలి స్క్రూ వదులైంది. ఎక్స్‌రేలో ఇంప్లాంటు మెడ చుట్టూ ఎముక గిన్నెలా గుంటపడింది. ఎత్తుగా ఉన్న సంగతి ఆయనకు నిజంగానే తెలియలేదు.

అన్నంలో రాయి తగిలితే మనం ఆలోచించేలోపే దవడ ఆగిపోతుంది. పంటి వేరుకీ ఎముకకీ నడుమ పావు మిల్లీమీటరు మందమున్న నారల పొర చేసే పని అది. బరువు పడితే నులక మంచంలా కాస్త దిగుతుంది, దిగుతూనే కబురు పంపుతుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. టైటానియం నేరుగా ఎముకనే పట్టుకుంటుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకల్లో గమనించింది ఈ పట్టునే. ఇంప్లాంటు నిలిచేది దానివల్లే, మొద్దుబారి ఉండేదీ దానివల్లే.

ఎముక తగ్గడానికి మొదటి దోషి పాచి. ఒక్క కాటు బరువుకే ఎముక పోతుందా అన్న వాదన ఇంకా తెగలేదు. డెన్మార్క్‌కు చెందిన ఇసిడోర్ 1996లో కోతుల మీద చేసిన ప్రయోగంలో అతి బరువుకి ఇంప్లాంట్ల పట్టు ఊడింది. 2004లో కుక్కల మీద ఇంకొకరు చేస్తే, చిగుళ్లు శుభ్రంగా ఉన్నచోట ఎముక చెక్కుచెదరలేదు. ఈ పెద్దాయన నోట్లో పాచీ ఉంది, ఎత్తూ ఉంది. ఎత్తు మాత్రం నా చేతిదే.

క్యాపు మీద మెట్టలు ఏటవాలుగా చెక్కితే అందంగానే ఉంటాయి. కానీ నమిలినప్పుడు బరువు నిలువునా దిగదు, పక్కకి తోస్తుంది. పైగా నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున్న ఇంప్లాంటు మర మీద పది మిల్లీమీటర్ల పన్ను కూర్చుంది. అందుకే ఇప్పుడు నమిలే ముఖం సన్నం చేస్తాను, మెట్టలు చదును చేస్తాను, కాటు సరిగ్గా మర నడినెత్తిన పడేలా చూస్తాను. కాటు ఎక్కడ పడుతోందో చూపే నీలి కాగితం మరకతో సరిపెట్టుకోను. షిమ్‌స్టాక్ అనే రేకు మందం 8 మైక్రాన్లు. మెల్లగా కొరికినప్పుడు పక్క పళ్లు దాన్ని పట్టుకోవాలి, ఇంప్లాంటు దగ్గర జారిపోవాలి. గట్టిగా కొరికితేనే అక్కడా పట్టాలి.

సొంత పళ్లు అరుగుతాయి, జరుగుతాయి. ఇంప్లాంటు ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఆ పెద్దాయన్ని ఆరు నెలలకోసారి రమ్మంటున్నాను. మొన్న మెల్లగా కొరికించి రేకు లాగితే రాలేదు. కాస్త అరగదీశాను.

"నాకేం తగలట్లేదే!" అన్నారు.